టరంటులా పెట్టె: ఏది తియ్యాలి, ఏది కదపకూడదు

బెంగళూరులో అద్దె ఫ్లాట్లలో టరంటులా అనే పెద్ద బొచ్చు సాలీడుని పెంచుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ముందుగా అడిగేది "మట్టి ఎన్నాళ్లకోసారి మార్చాలి?" అని. తారీఖు పెట్టుకుని మార్చే పని కాదది. చేపల తొట్టి, పిల్లి ట్రే అలవాటున్నవాళ్లు దీనికీ నెలకోసారి అడుగంతా ఎత్తి పారబోసి, పెట్టె తళతళలాడేలా కడిగి పెడుతున్నారు. ఆ శ్రద్ధ సాలీడుకి మేలు చెయ్యదు.

టరంటులాకి ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రమే. కాళ్ల మీది సన్నటి వెంట్రుకలతో నేల అదురుని పట్టుకుంటూ బతుకుతుంది. కొత్త పెట్టెలో పెట్టిన మొదటి వారాల్లో నేలంతా పలచగా పట్టు పరుచుకుంటుంది, దాక్కోవడానికి పెట్టిన కొబ్బరిచిప్ప కింద కలుగు తవ్వుకుంటుంది, కలుగు ముందు మట్టి ఎత్తి గట్టు వేసుకుంటుంది. పురుగు నడిచిందా, మనం మూత తీశామా అన్నది ఆ పట్టు మీదుగానే దానికి తెలుస్తుంది. మట్టి మార్చిన రోజున అదంతా పోతుంది. తిండి మానేస్తుంది, గోడలెక్కి మూతకి వేలాడుతుంది. నేల మీద బతికే బరువైన జాతులు అలా ఎక్కి జారిపడితే పొట్ట చిట్లుతుంది. చిట్లాక బతకడం అరుదు. అందుకే మట్టి పైనుంచి మూతకి ఉన్న ఎత్తు, సాలీడు కాళ్లు చాపితే వచ్చే కొలతకి ఒకటిన్నర రెట్లు మించకూడదంటారు. కాళ్ల చాపు 15 సెంటీమీటర్లయితే ఎత్తు 22 చాలు. ఎత్తు ఎక్కువైతే మట్టి ఇంకాస్త పొయ్యండి.

ఇక అది చేసే మురికి ఎంత? ఎదిగిన సాలీడు వారం పది రోజులకొక పురుగు తింటుంది. దాని రెట్ట సున్నపు చుక్కలా తెల్లగా పడుతుంది, త్వరగా ఆరిపోతుంది, వాసన ఉండదు. పెట్టెలోంచి కంపు వస్తుంటే అది సాలీడుది కాదు. ఎక్కడో తినకుండా వదిలేసిన పురుగు కుళ్లుతోంది, లేదా కింది మట్టి నీళ్లు నిలిచి పులుస్తోంది. వెతకాల్సింది ఆ రెండింటినే.

ఎంగిలి ముద్ద

పెట్టెలో క్రమం తప్పకుండా చెయ్యాల్సిన పని ఒకటుందంటే అది ఎంగిలి ముద్ద తియ్యడం. టరంటులా గట్టి పదార్థం మింగలేదు. పట్టిన పురుగు మీద జీర్ణరసం వదిలి, నమిలి, కరిగిన రసం పీల్చుకుంటుంది. మిగిలిన పెంకు, రెక్కలు, కాళ్లు అన్నీ కలిపి బఠాణీ గింజంత ఉండగా చేసి, పట్టు చుట్టి ఒక మూల పడేస్తుంది. పెంచేవాళ్లంతా దాన్ని బోలస్ అంటారు. కొన్ని దాన్ని తెచ్చి సరిగ్గా నీళ్ల గిన్నెలోనే వేస్తాయి. అప్పుడే పడేసినప్పుడు నల్లగా, తడిగా మెరుస్తుంటుంది. జూలై, ఆగస్టు ముసురులో అయితే రెండో రోజుకి దాని మీద తెల్లటి నూగు మొలుస్తుంది. మైట్లనే నలుసంత పురుగులు, కుళ్లు మీద వాలే ఫోరిడ్ ఈగలు, చీమలు మూడూ దాన్ని పట్టుకునే లోపలికి వస్తాయి. రాత్రి మేత వేస్తే మర్నాడు సాయంత్రం లోపు ఆ ఉండ బయటికి రావాలి.

దీనికి అక్వేరియం మొక్కలు నాటడానికి అమ్మే 27–30 సెంటీమీటర్ల పట్టకారు సరిపోతుంది. కొనల మీద సిలికాన్ గొట్టం ముక్క తొడగండి. సాలీడు ఒక్కోసారి కదిలేదాన్ని ఎర అనుకుని దూకుతుంది. కోర ఉక్కుకి తగిలి విరిగితే మళ్లీ కుబుసం విడిచేదాకా దానికి తిండి కష్టం. మూత తీసే ముందు సాలీడు ఎక్కడుందో కళ్లతో చూడాలి. కనబడకపోతే కలుగులో ఉందని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఉండ మీదే కూర్చునుంటే ఆ రోజుకి వదిలెయ్యండి. ఇంకా తింటోందన్నమాట. కలుగు లోపలికి లాక్కెళ్లినదాన్ని తవ్వి తియ్యొద్దు. చాలా వరకు తిన్నాక అదే తెచ్చి గుమ్మం బయట పడేస్తుంది.

తినని పురుగు సంగతి ఇంకా ముఖ్యం. మేతకి వేసే మీల్‌వార్మ్, సూపర్‌వార్మ్ పురుగులు మట్టిలో దూరి మాయమవుతాయి. కొన్నాళ్లకి పెంకు పురుగులై తిరుగుతాయి, లేదా లోపలే చచ్చి కుళ్లుతాయి. వేసే ముందు తల నలిపి వేస్తే దూరవు. ఎర మెలికలు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సాలీడుకీ తెలుస్తుంది. ప్రాణంతో ఉన్న కీచురాయిని గాని, డూబియా బొద్దింకని గాని 24 గంటలకి మించి ఉంచొద్దు. సాలీడు కుబుసం విడవడానికి వెల్లకిలా పడుకున్నప్పుడు దాని ఒళ్లు పచ్చి వెన్నలా ఉంటుంది. ఆకలి మీదున్న కీచురాయి కొరికి చంపేస్తుంది.

నీళ్ల గిన్నె

ఎడారి జాతి అయినా సరే, పెట్టెలో నీళ్ల గిన్నె ఎప్పుడూ ఉండాల్సిందే. స్పాంజి, జెల్ ముక్కలు వద్దు. అవి బ్యాక్టీరియాని పెంచడానికి తప్ప పనికిరావు. ఎదిగిన సాలీడు గిన్నెలో మునిగి చస్తుందన్న భయం అక్కర్లేదు, తేలుతుంది. వారానికి ఒకసారి, మట్టి తోడి పోసుకుంటే వెంటనే, గిన్నె బయటికి తీసి వేడినీళ్లతో, దానికంటూ విడిగా ఉంచిన టూత్‌బ్రష్షుతో రుద్ది కడగాలి. చేత్తో తడిమితే జారుడుగా, జిగురుగా తగిలే పొర పూర్తిగా పోవాలి. కళ్లకి కనబడకపోయినా మురికంటే అదే.

వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు బోరు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో గిన్నె అంచున తెల్లటి ఉప్పు గార కడుతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అరగంట నానబెడితే కరుగుతుంది. తర్వాత మూడు నాలుగు సార్లు మంచినీళ్లతో కడగండి. తాగడానికి కావేరి నీళ్లు పట్టి ఒక రాత్రి ఉంచినవి గాని, మనం తాగే ఫిల్టరు నీళ్లు గాని పొయ్యవచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఎదిగిన టరంటులా పది పదిహేను రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటుంది. నీళ్లు లేకుండా ఉండలేదు. లోతైన గిన్నె ఒకటి అంచుదాకా నింపి, పెట్టెలో ఉన్న ఎంగిలంతా తీసేసి వెళ్లండి. "పాపం తింటుందిలే" అని నాలుగు పురుగులు వదిలి మాత్రం వెళ్లొద్దు. పిల్ల సాలీళ్ల లెక్క వేరు. ఆ చిన్న డబ్బా రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది కాబట్టి వాటిని ఎవరికైనా అప్పజెప్పాలి.

గాలి, తేమ, బెంగళూరు కాలాలు

తేమ ఎంత శాతం ఉండాలి అన్న ప్రశ్న చుట్టూ అక్కర్లేని కంగారు చాలా ఉంది. మూతకి అంటించే చవక మీటర్లు చూపించే అంకెని నేను నమ్మను. నమ్మమని చెప్పను కూడా. అంకె తగ్గిందని రోజూ స్ప్రే కొట్టడం వల్ల పైమట్టి తడుస్తుంది, గోడలు చెమరుస్తాయి, లోపలి గాలి ఉక్కపోస్తుంది. టరంటులా ఊపిరి పీల్చేది పొట్ట అడుగున ఉన్న, పేజీల్లా పొరలుండే పుస్తకపు ఊపిరితిత్తులతో. అంటే మట్టికి ఆనుకుని ఉండే భాగంతోనే. నిలవ తేమ, బూజు ఉన్నచోట దానికి జబ్బు రాక తప్పదు.

కావాల్సింది అడ్డగాలి. పెట్టెకి ఒక పక్క మట్టి మట్టానికి కాస్త పైన ఒక వరస రంధ్రాలు, ఎదుటి పక్క మూతకి దగ్గరగా ఇంకో వరస. గాలి కిందనుంచి దూరి పైనుంచి పోతుంది. ఒక్క మూతకే చిల్లులుంటే అడుగున గాలి కదలదు. రంధ్రం సాలీడు తల భాగం కన్నా చిన్నది కావాలి. ఎందుకంటే ఆ గట్టి పెంకు పట్టే చోటునుంచి మెత్తటి పొట్ట ఎలాగైనా దూరిపోతుంది. ఎదిగినవాటికి 3 మిల్లీమీటర్లు, పిల్లలకి సూది బెజ్జం. ప్లాస్టిక్ డబ్బాకి సోల్డరింగ్ ఐరన్‌తో చిల్లులు పెడితే లోపలినుంచి బయటికి పొడవండి, కరిగిన ముల్లు బయట మిగులుతుంది. ఇనుప జాలీ మూత వద్దే వద్దు. కాలి గోళ్లు జాలీలో చిక్కుకుని కాలు ఊడిన సాలీళ్లు ఎన్నో.

మెక్సికన్ రెడ్‌నీ, చాకో గోల్డెన్‌నీ లాంటివి పొడి మట్టి జాతులు. వాటికి నిండా నీళ్లున్న గిన్నె, అప్పుడప్పుడు గిన్నె పక్కన ఒలకబోసిన రెండు చెంచాలు చాలు. కర్లీహెయిర్, లాసియోడోరా లాంటివాటికి కింది పొర తడిగా, పై పొర ఆరినట్టు ఉండాలి. స్ప్రే మానేసి, ఒక మూల గోడ వెంబడి సన్నటి ధారగా నీళ్లు పొయ్యండి. అవి అడుగుకి దిగి మెల్లగా పైకి తేమ ఇస్తాయి. 30 సెంటీమీటర్ల చదరపు పెట్టెకి ఒకసారికి 100 మిల్లీలీటర్లు. గోడలోంచి చూస్తే అడుగున ముదురు గోధుమరంగు చార, పైన లేత రంగు కనబడాలి. చార పూర్తిగా మాయమైనప్పుడే మళ్లీ పొయ్యాలి. బెంగళూరులో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండగాలికి అది వారంలోనే ఆరిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మూడు వారాలైనా తడి అలాగే ఉంటుంది. అప్పుడు పొయ్యకండి. చెన్నైలో ఉన్నవాళ్లకి గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఇంకా తక్కువ నీళ్లు, ఇంకా ఎక్కువ రంధ్రాలు. మే ఎండల్లో పెట్టెని అల్మారా మీదినుంచి దించి చల్లటి గచ్చు మీద పెట్టడం అక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

హీటర్లు, హీట్ మ్యాట్లు బెంగళూరులో అవసరం లేదు. జనవరి రాత్రి బయట 15 డిగ్రీలున్నా గది లోపల అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. మహా అయితే కొన్నాళ్లు తిండి తగ్గిస్తుంది. అడుగునుంచి వేడి పెడితే మాత్రం, చల్లదనం కోసం కిందికి తవ్వుకునే జీవి వేడిలోకే వెళ్తుంది.

చిన్న పురుగులు: ఏది ఏదో తెలుసుకోండి

తడి మట్టిలో తెల్లటి చుక్కలు కదలగానే అందరూ మైట్లనుకుని హడలిపోతారు. ముందు భూతద్దం తియ్యండి. సన్నగా పొడుగ్గా ఉండి, వేలితో మట్టి కదపగానే టక్కున ఎగిరితే అవి స్ప్రింగ్‌టెయిల్స్. బూజునీ, కుళ్లునీ తిని శుభ్రం చేస్తాయి, తడి జాతుల పెట్టెలో కావాలని వేసేవి అవే. ఉండనివ్వండి. గుండ్రంగా, ఉబ్బినట్టు, నెమ్మదిగా పాకుతూ ఎంగిలి ముద్ద మీద, నీళ్ల గిన్నె అంచున గుంపుగా ఉంటే అవి మైట్లు. చాలావాటికి సాలీడుతో పని లేదు, కుళ్లుతోనే పని. కానీ లెక్కకి మించి పెరిగితే నోటి చుట్టూ, ఊపిరితిత్తుల మీదా చేరతాయి.

మైట్లకి మందు లేదు. సాలీడుని చంపకుండా మైట్లని మాత్రమే చంపేది ఇంట్లో ఏదీ ఉండదు, కాబట్టి పెట్టెలో ఏ మందూ వాడకండి. మైట్లకి తడి, కుళ్లు రెండూ కావాలి కాబట్టి ఆ రెండూ తీసెయ్యడమే పని. ఎంగిలి తీసి, నీళ్లు పొయ్యడం ఆపి, గిన్నె రోజూ కడిగి పెట్టండి. రాత్రి ఒక క్యారెట్ ముక్క మట్టి మీద పెట్టి పొద్దున్నే తీసి పారేస్తే వందలకొద్దీ దానితో పోతాయి. తగ్గకపోతే సాలీడుని పొడి టిష్యూ పేపరు పరిచిన డబ్బాలోకి మార్చి, నీళ్ల గిన్నె ఒక్కటి పెట్టి రెండు వారాలుంచండి, పేపరు రెండు రోజులకోసారి మార్చండి. సాధారణంగా మైట్లు వచ్చేది పురుగుల మేత డబ్బాలోని తవుడు నుంచి. అక్కడ శుభ్రం చెయ్యకుండా ఇక్కడ ఎంత చేసినా మళ్లీ వస్తాయి.

ఫోరిడ్ ఈగలు వీపు గూనిగా, ఎగరకుండా గోడల మీద గబగబా పరుగెత్తుతాయి. కుళ్లిన పురుగు మీద గుడ్లు పెడతాయి, ఒంట్లో బాగాలేని సాలీడు మీద కూడా పెడతాయి. రంధ్రాలకి బయటి వైపునుంచి సన్నటి నైలాన్ గుడ్డ అంటించాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది నులిపురుగులకి, అంటే నెమటోడ్లకి. సాలీడు తిండి మానేసి, కోరల కింద తెల్లగా జిగట పేరుకుని, దగ్గరికెళ్తే ముక్కుకి చెడు వాసన తగిలి, నడక తడబడుతుంటే అవేనని అనుమానించాలి. 2022లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు టారంటోబెలస్ జెఫ్‌డేనియల్సీ అనే కొత్త నెమటోడ్‌ని టరంటులాల్లో గుర్తించారు. నోటి దగ్గర చేరి, కోరల పక్కనుండే అంగాల మీద పట్టు తప్పిస్తుంది, ఎర పట్టలేక సాలీడు ఆకలితో చస్తుంది. దీనికి పని చేసే చికిత్స అంటూ ఏదీ లేదు. అందుకే ఒకటికి మించి సాలీళ్లున్నవాళ్లు ప్రతి పెట్టెకీ విడి పట్టకారు పెట్టుకోవాలి, లేదా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ముంచాలి. ఒక పెట్టెలో వదిలేసిన పురుగుని ఇంకో పెట్టెలో వెయ్యకూడదు. కొత్తగా వచ్చినదాన్ని నెల రోజులైనా వేరే గదిలో ఉంచాలి.

అడవిలో పట్టి తెచ్చినవాటిని కొనకపోవడానికి ఇదీ ఒక కారణం. కడుపులో ఈగ పిల్లలతో, నులిపురుగులతో వస్తాయి. మన గుత్తి పేరు పెట్టుకున్న నీలి టరంటులా, పొసిలోథీరియా మెటాలికా, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన జాతి. ఎక్కువగా నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మిగిలింది, అంతరించే ప్రమాదం అంచున ఉన్నవాటిలో ఒకటి. ఆ ప్రజాతి మొత్తాన్నీ 2019లో సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. రెడ్‌నీ ఉన్న బ్రాకిపెల్మా ప్రజాతి అంతకుముందే ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం ఇలాంటివి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఎక్కడ పుట్టిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

మన ఇంట్లోని మందులు

ఫ్లాట్లో పెంచే టరంటులాకి పెట్టెలోని మురికి కన్నా పెట్టె బయటి శుభ్రతే ఎక్కువ ప్రమాదం. సాలీడు కూడా పురుగు లాంటి ఒళ్లే కదా. బొద్దింకని చంపేది దీన్నీ చంపుతుంది. దోమల లిక్విడ్ మెషీన్లు, కాయిల్స్, స్ప్రేలు, చీమల చాక్‌పీసు అన్నిట్లోనూ ఉండేది పైరిత్రాయిడ్ జాతి మందులే. మెషీన్ పెట్టిన గదిలో పెట్టె ఉంచొద్దు. సాలీడున్న గదికి కిటికీ జాలీ కొట్టించి, మంచానికి దోమతెర కట్టుకోవడం ఒక్కటే తోవ.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు పెస్ట్ కంట్రోల్ పెట్టించే రోజు ముందుగా కనుక్కోండి. స్ప్రే అయితే పెట్టెని ఎవరైనా స్నేహితుల ఇంటికి తరలించి, కనీసం వారం తర్వాత, ఇల్లు తుడిచి కిటికీలు తెరిచి ఉంచాకే తెండి. వంటింట్లో జెల్ చుక్కలు పెట్టించినవాళ్లు ఇంట్లో తిరిగే బొద్దింకని పట్టి సాలీడుకి వెయ్యడం మానెయ్యాలి, ఎన్ని నెలలైనా సరే. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, పెట్టె మీద తడి గుడ్డ కప్పి లోపలి గదికి మార్చండి.

ఎవరూ అనుమానించనిది ఇంకోటుంది. కుక్కకి పిడుదుల కోసం మెడ మీద పోసే మందు. అందులో ఫిప్రోనిల్ లాంటివి ఉంటాయి. ఆ కుక్కని నిమిరిన చేత్తో నీళ్ల గిన్నె ముట్టుకుంటే చాలు. కాళ్లు వణకడం, తూలడం, అదే పనిగా గుండ్రంగా తిరగడం, వెనక్కి విరుచుకుపోవడం విషం లక్షణాలు. అప్పుడు వెంటనే మట్టితో సహా అన్నీ మార్చి, కొత్త డబ్బాలో టిష్యూ, నీళ్లు పెట్టి, గాలి ఆడే చల్లటి చోట వదిలెయ్యాలి. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

పనమ్మాయి ఫినాయిల్‌తో తుడిచే గచ్చు మీద పెట్టె ఉండకూడదు, ఆ గదిని ఉట్టి నీళ్లతో తుడవమనండి. శుక్రవారం సాంబ్రాణి, అగరొత్తులు పూజగదిలో తలుపేసి వేసుకోండి. బట్టల బీరువాలో నాఫ్తలీన్ ఉండలుంటే పెట్టె ఆ పక్కన వద్దు.

చీమల కోసం కూడా మందు చల్లే పని లేదు. నాలుగు కాళ్ల స్టాండు మీద పెట్టె పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచి అందులో చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వెయ్యండి. స్టాండు గోడకి తగలకూడదు. వెనకాల వైరు వేలాడుతున్నా చీమ దాని మీదుగా వచ్చేస్తుంది.

మొత్తం మార్చక తప్పనప్పుడు

మట్టి అడుగున నల్లబడి పులిసిన వాసన వస్తే, మైట్లు ఎంతకీ తగ్గకపోతే, విషం అనుమానం ఉంటే, సాలీడుకి పెట్టె చాలకపోతే, అప్పుడు మార్చాలి. ఇవేవీ లేకపోతే పొడి జాతుల పెట్టె ఏడాది, రెండేళ్లు అలాగే ఉండొచ్చు. చిన్న బూజు మచ్చ మొత్తం మార్చడానికి కారణం కాదు. చెంచాతో ఆ మేరకి మట్టి ఎత్తేసి, నీళ్లు తగ్గిస్తే పోతుంది.

కుబుసానికి దగ్గర పడితే అన్నీ వాయిదా వేసుకోవాలి. తిండి మానడం, పొట్ట మీది బోడి చోటు నల్లగా నిగనిగలాడడం, కలుగు గుమ్మం పట్టుతో మూసుకోవడం దాని గుర్తులు. వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయిందనుకోవద్దు. చచ్చేది కాళ్లన్నీ కిందికి ముడుచుకుని బోర్లా కూర్చుంటుంది. కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి, ఎర్రబడి, నల్లబడేదాకా మేత వెయ్యకూడదు. పిల్లలకి వారం, పెద్దవాటికి రెండు మూడు వారాలు. వదిలిన కుబుసం మాత్రం సాలీడు పక్కకి జరిగాక ఒకటి రెండు రోజుల్లో తియ్యండి.

కొత్త మట్టి ముందే సిద్ధం చేసుకోవాలి. 30 × 30 సెంటీమీటర్ల పెట్టెలో 10 సెంటీమీటర్ల మందానికి 9 లీటర్లు పడుతుంది. నొక్కితే దిగుతుంది కాబట్టి 11 కలుపుకోండి. లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో దొరికే 650 గ్రాముల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక మూడు మూడున్నర లీటర్ల నీళ్లలో నానితే సుమారు 8 లీటర్లవుతుంది. మొదట నానిన నీళ్లు పారబోసి, పాత పంచెలో మూటగట్టి పిండి, ఇంకో రెండుసార్లు కడగండి. పీచులో ఉప్పు ఉంటుంది. కడగకపోతే ఆరాక మట్టి మీద తెల్లగా తేలుతుంది. దానికి జల్లించిన ఎర్రమట్టి 3 లీటర్లు కలిపితే కలుగు కూలిపోకుండా నిలుస్తుంది. ఎర్రమట్టిని తడిపి పాత కుక్కర్లో అరగంట ఆవిరి పట్టాలి. నర్సరీలో రెడీగా కలిపి అమ్మే పాటింగ్ మిక్స్ మాత్రం తేవద్దు. అందులో వేపపిండి ఉంటుంది, ఎరువుంటుంది. మొక్కకి పురుగు పట్టకుండా వేసేది సాలీడుకి ఎలా పనికొస్తుంది?

గుప్పెడు తీసి పిండితే ఉండ కట్టాలి, చుక్క కారకూడదు. ఆ తడితో పెట్టెలో నింపి గట్టిగా నొక్కి, పొడి జాతులకైతే వారం పాటు మూత తీసి ఆరనివ్వండి. దాక్కునే చోటుకి కొబ్బరిచిప్ప సగం బాగుంటుంది. కొబ్బరి ఆనవాలు లేకుండా గీకి, 20 నిమిషాలు మరగబెట్టి, రెండు మూడు ఎండలు చూపించాలి. కాస్త కొబ్బరి మిగిలినా నాలుగో రోజుకి బూజే. పగిలిన పూలకుండీ ముక్క అయితే ఆ బెంగా లేదు, అంచులు గచ్చుకి రుద్ది నునుపు చేసుకుంటే చాలు.

పాత పెట్టెని వేణ్నీళ్లు, కాస్త గిన్నెల సబ్బుతో కడిగి బాగా తొలవండి. జబ్బు అనుమానం ఉంటే బ్లీచ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు, పది నిమిషాలు. తర్వాత వాసన పూర్తిగా పోయేదాకా కడిగి ఒక రోజంతా ఆరబెట్టాలి. బ్లీచ్‌లో వెనిగర్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. యాక్రిలిక్‌కి స్పిరిట్, శానిటైజర్ తగిలితే సన్నటి పగుళ్లు పాకుతాయి, మరిగే నీళ్లకి వంగిపోతుంది. గోడ మీద ఎండిన రెట్టకి వెనిగర్ నీళ్లలో తడిపిన గుడ్డ ఐదు నిమిషాలు అద్ది ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది, గీకొద్దు.

సాలీడుని మార్చడం పెద్ద టబ్బులో పెట్టెని పెట్టుకుని, గచ్చు మీద కూర్చుని చెయ్యాలి. తలుపు మూసి, ఫ్యాను ఆపి, డ్రైనేజీ రంధ్రం ఉన్న గదిలో కాకుండా. లీటరు పట్టే పారదర్శకపు డబ్బాకి మూతలో గాలి చిల్లులు పెట్టి ఉంచండి. చిప్ప మెల్లగా ఎత్తి, డబ్బా సాలీడు ముందు పడుకోబెట్టి, మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో వెనక కాలిని తాకితే ముందుకి నడుస్తుంది. తొందర పెట్టకండి. బ్రష్షు మీదికి కాళ్లు ఎత్తి నిలబడితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పొసిలోథీరియా లాంటివి కళ్లు మూసి తెరిచేలోపు మోచేతి మీదుగా పరుగెత్తుతాయి, కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. వాటి పెట్టె శుభ్రం ఎప్పుడైనా పగటిపూటే, అవి దాక్కునే బెరడు వెనక ఉన్నప్పుడు.

అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి పొట్ట మీద దురద వెంట్రుకలుంటాయి. పాత మట్టి, పట్టు, కుబుసం అన్నిట్లోనూ అవి నిండి ఉంటాయి. పొడి మట్టిని అలాగే ఎత్తితే గాలిలోకి లేస్తాయి. కాబట్టి ముందు సాలీడుని తీసేసి, మట్టి మీద నీళ్లు చిలకరించి పది నిమిషాలాగి, అప్పుడు ఎత్తండి. నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. ఎత్తిన మట్టి కవర్లో మూట కట్టి చెత్తలో వెయ్యండి. బాల్కనీ కుండీల్లో వేస్తే రేపు మొక్కలకి చెయ్యి పెట్టేవాళ్లకి గుచ్చుకుంటాయి.

చర్మం మీద పడితే రుద్దకుండా సెల్లోటేపు అద్ది లాగి, చల్లటి నీళ్లు, సబ్బుతో కడుక్కోవాలి. కంట్లో పడితే నలపకుండా పదిహేను నిమిషాలు మంచినీటి ధార కింద పెట్టి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ వెంట్రుకలకి ముళ్లుంటాయి, నల్లగుడ్డు పొరలో దిగబడి లోలోపలికి జరుగుతాయి. స్లిట్ ల్యాంపు అనే కంటి పరీక్ష పరికరం కింద చూస్తే గాని కనబడవు. టరంటులా వెంట్రుక పడిందని డాక్టరుకి మొహమాటపడకుండా చెప్పండి, చెప్పకపోతే మామూలు కళ్లకలక మందు రాసి పంపేస్తారు.